చివరి బిందె మాది

సన్మానం చేస్తామని ఎవరైనా ఇంటికొస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. శాలువా ఊరికే కప్పరు. కప్పేవాడికి ఏదో ఒక చలి ఉంటుంది. అందుకే పోయిన జూలైలో మా ఊరి నుంచి ముగ్గురు అనంతపురంలోని మా ఇంటికి వస్తే, తలుపు సగమే తెరిచి మాట్లాడాను.

"అక్కా, ఊర్లో మంచినీళ్ళ ప్లాంటు పెట్టినాము. పంద్రాగస్టుకు ఓపెనింగు. దానికి మీ నాయన పేరు పెడతాండాము. ఆపొద్దే ఆయనకు సన్మానం గూడ," అన్నాడు ముందు నిలబడినవాడు. ఆయన వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నిలబడతాడని ఊర్లో కుక్కపిల్లకు కూడా తెలుసు.

"ఇన్నేండ్లకు ఇప్పుడే ఎందుకప్పా గుర్తొచ్చినాడు మా నాయన?"

"ఏమక్కా అట్లంటావు! మన ఊర్లో నీళ్ళంటే మీ నాయనే కదా. ట్యాంకరు వరుసలో మీ బిందె ఎప్పుడూ కడాన ఉండేదంట. మా అవ్వ ఇప్పటికీ చెప్తాది."

సన్మాన పత్రం నన్నే రాయమన్నారు. తెలుగు టీచర్ని కదా, తప్పించుకునే దారి లేదు. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి మళ్ళీ చెప్పాడు. "ఆ బిందె సంగతి తప్పకుండా రాయాలక్కా. ఊరందరికీ అందేదాకా ఒక చుక్క గూడ ముట్టలేదని. అదే మెయిన్."

తలుపు వేసి అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. తెలుసు అనకూడదేమో, ముప్పై అయిదేళ్ళుగా అనుమానం అనాలి. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు నేర్పింది కూడా మా నాయనే.

నాయన పదిహేడేళ్ళు మిలిట్రీలో చేసి, నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊరికి వచ్చేశాడు. మా ఊరు రాప్తాడు దాటి లోపలికి పోవాలి. వేసిన ప్రతి బోరూ దుమ్మే పోసేది. ఎండాకాలం మూడు నెలలూ సర్కారు ట్యాంకరే దిక్కు. అది వచ్చిందంటే చాలు, బిందెలకు సొట్టలు పడేవి, ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉండేది. నాయన ఒక వారం అరుగు మీద కూర్చుని చూశాడు. ఎనిమిదోరోజు సున్నం తెచ్చి, ట్యాంకరు ఆగేచోటి నుంచి మా వీధి చివరిదాకా గీత గీశాడు. ఇంటికొక బిందె, గీత మీదే పెట్టాలన్నాడు. మా బిందె తీసుకొచ్చి అందరికంటే చివర పెట్టాడు.

"మిలిట్రీలో వడ్డించేవాడు కడాన తింటాడు. ఈడ వడ్డించేది నేను," అన్నాడు.

ఊరు నమ్మిందా? లేదు. మావాళ్ళు అంత సులభంగా నమ్మే మనుషులు కాదు. ఉత్తపుణ్యానికి ఎవడు చేస్తాడప్పా, డ్రైవరుతో ఏదో మాట్లాడుకున్నాడు అన్నారు. మజ్జిగ అడిగే నెపంతో ఇంట్లోకి వచ్చి మా తొట్టిలోకి తొంగి చూసి పోయేవాళ్ళు. తొట్టిలో అడుగున బురద తప్ప ఏమీ కనబడేది కాదు. కనబడకపోతే ఇంకా అనుమానం. యాడో దాచిపెట్టినాడు అనేవాళ్ళు.

అమ్మ మాత్రం మండిపడేది. "ఊరికంతా పెద్దమనిషివి. నీ ఇంట్లో గిన్నె తొలిచేకి నీళ్ళు లేవు." నాయన దానికి ఒకటే జవాబు, "రేపొస్తాది." రేపు కూడా మాది చివరి బిందే కదా అని అమ్మ ఎత్తిపొడిచేది.

ఇంకొక పట్టింపు ఉండేది ఆయనకు. ఎవరినీ ఏదీ అడగడు. పచ్చగుడ్డ తొడుగున్న మిలిట్రీ నీళ్ళ సీసా ఒకటి ఎప్పుడూ భుజాన వేలాడేది. పెండ్లికి పోయినా, చావుకు పోయినా ఆ సీసాలోవే తాగేవాడు. కులం పట్టింపని కొందరు, ఎవరైనా మందు పెడతారని భయమని కొందరు చెవులు కొరుక్కునేవాళ్ళు. రెండూ కాదు, గర్వం.

సాయంత్రం కాగానే నన్నూ అన్ననూ అరుగు ముందర నిలబెట్టేవాడు. "ఈపొద్దు ఏమి చూసినారు?" అని అడిగేవాడు. అన్న ఒకసారి, ఎదురింటి మేకను ఫలానావాళ్ళు దొంగిలించారని చెప్పాడు.

"నువ్వు చూసినావా?"

"లేదు నాయనా, అనుకున్నా."

"చూసింది చెప్పు. అనుకున్నది చెప్పొద్దు. అనుకున్నది చెప్పినోని వల్ల మనుషులు సచ్చినారు."

ఎవరు చచ్చిపోయారో, ఎక్కడో, ఎన్నడూ చెప్పలేదు. ఆ మేక మరుసటి రోజు కంపచెట్లలో దొరికింది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్న ఎండాకాలంలో అమ్మ ఇంట్లోనే కాన్పయింది. చెల్లెలు పుట్టింది. ఇప్పుడు ఆమె రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో సూపర్‌వైజరు. కాన్పయిన రెండు రోజులూ ట్యాంకరు మా బిందె దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయింది. బాలింతకు స్నానం లేదు, గుడ్డలు మూలన కుప్పపడి ఉన్నాయి, ఇల్లంతా పచ్చివాసన. మా అవ్వ నాయనతో మాట్లాడటం మానేసింది.

మూడోరోజు నేను కట్టెపుల్లలు ఏరడానికి ఊరి బయట కల్వర్టు దగ్గరికి పోయాను. ట్యాంకరు వస్తూ కనబడింది. దారిలో ఎవరి తోటలోనూ ఖాళీ కాకుండా నాయన రోజూ హైవే దాకా ఎదురుపోయి, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చేవాడు. ఆ రోజు బండి కల్వర్టు దగ్గర ఆగింది. నాయన దిగాడు. వెనక కొళాయి తిప్పి ఒక పెద్ద క్యాను నింపాడు. దాన్ని కంపచెట్ల కిందికి తోసి పైన గోనెసంచి కప్పాడు. అటూ ఇటూ చూశాడు. నేను కంప చాటున నేలకు అతుక్కుపోయాను. మా నాయన అట్లా అటూ ఇటూ చూడటం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ రోజు వరుసలో మా ముందు బిందె వీధి చివరి ఇంటామెది. ఆమె బిందె సగం నిండిందో లేదో కొళాయి గరగరమని ఆగిపోయింది. మాకు చుక్క లేదు. ఆమె కొళాయి వైపు చూసింది, నాయన వైపు చూసింది, అరబిందె చంకకెత్తుకుని పోయింది. పొద్దుగూకినాక అమ్మకు వేడినీళ్ళ స్నానం అయింది. నీళ్ళెక్కడివని ఇంట్లో ఎవరూ అడగలేదు.

అంతకుముందే, సాయంత్రం అరుగు ముందర యథాప్రకారం ప్రశ్న వచ్చింది. "ఏమి చూసినావు పాపా?"

"ఏమీ చూడలే నాయనా."

నా ముఖంలోకి కాసేపు చూశాడు. "సరే, పో" అన్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. నన్ను ఆ రోజే పట్టుకుంది. ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు కల్వర్టు దగ్గర కంపలో దాక్కుని కాపలా కాశాను. బండి మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. అయితే మాత్రం నా అనుమానం తీరుతుందా? నేను రాని రోజు ఆపుతున్నాడేమో అనుకున్నా. ముందే తీసుకుని, ఊరి ముందర చివరి బిందె నాటకం ఆడుతున్నాడేమో అనుకున్నా. ఊరంతా అనుమానించి చివరికి నమ్మింది. ఇంట్లో పుట్టిన నేను నమ్మలేకపోయాను. పెద్దయ్యాక నాకు పాలవాడి మీద అనుమానం, కాపీ కొట్టారేమోనని పిల్లల నోటుబుక్కుల మీద అనుమానం. నాయన నా ఫీజుల కోసం ఎండలో పొలాలకు కాపలా ఉన్నాడు, నా కాన్పుకు ఆసుపత్రి వరండాలో మూడు రోజులు నిలబడ్డాడు. అవన్నీ చూస్తూ కూడా లోపల ఒక మూల గోనెసంచి కప్పిన క్యాను అట్లనే ఉండిపోయింది.

సన్మాన పత్రం రాయడానికి కూర్చుంటే పెద్ద పెద్ద మాటలన్నీ గబగబా వచ్చాయి. బిందె దగ్గర కలం ఆగింది. నాలుగు రోజులు ఆగింది. చివరికి వాళ్ళడిగినట్టే రాసేశాను: "ఊరందరికీ అందనిదే ఒక్క చుక్కయినా ముట్టని మహనీయులు." రాసి, బస్సెక్కి ఊర్లో ఉన్న నాయన దగ్గరికి పోయాను. చూసివ్వమని అడగడానికి కాదు, ఆయనను పరీక్షించడానికి. ఈ మాటను చదివి ఊరుకుంటే నా అనుమానం నిజమన్నమాట. కన్నతండ్రికి అట్లా వల పన్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాయన అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో పదం చదివాడు. వేలు ఆ వాక్యం దగ్గర ఆగింది. పెన్సిలు తెమ్మన్నాడు. ఆ చివర నుంచి ఈ చివరికి గీత కొట్టాడు.

"ఇది తీసెయ్‌మ్మా."

"ఎందుకు నాయనా?"

"నువ్వు చూసినావు కదా."

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు.

"నీ ఎర్ర లంగా కంపలో కనబడె. సాయంత్రం చెప్తావనుకుంటి. నువ్వు చెప్పలే. నేనూ చెప్పలే. ఎప్పుడు అడుగుతావో అని చూస్తానే ఉండా."

"ఎన్నిసార్లు తీసుకున్నావు?" నా గొంతు పోలీసు గొంతులాగా వచ్చింది.

"ఒకటే తూరి."

"ఒకటే తూరి అని నేను ఎట్లా నమ్మాల?" నిజంగానే అడిగాను ఆ మాట. డెబ్బై అయిదేళ్ళ మనిషిని, ముఖం మీదే.

ఆయనకు కోపం రాలేదు. "నమ్మొద్దు. నువ్వు ఎన్నిసార్లు చూసినావు?"

"ఒకసారి."

"అంతే రాయి." కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. మళ్ళీ తనే అన్నాడు. "బాలింతకు నీళ్ళు లేవంటే ఊర్లో కాదనేవాళ్ళు ఎవురుండారు? ఎవురినడిగినా ఇస్తాండ్రి. అడిగేకి నోరు రాలే నాకు. దొంగతనం చేసేకి చెయ్యి వచ్చె. అది గూడ రాయి. లేకుంటే నేను ఆడికి రాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో కాదు. ముప్పై అయిదేళ్ళు ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయిన నా మీద నాకే కోపంతో.

పంద్రాగస్టున ప్లాంటు ముందర షామియానా వేశారు. బ్యానరు మీద నాయన ఫొటో కంటే ఎన్నికలాయన ఫొటో రెండింతలు పెద్దది. శాలువా మీద నా మొదటి అనుమానం మాత్రం తప్పు కాలేదు. నేను మైకు ముందర పత్రం చదివాను. "ఒకే ఒక్కసారి, భార్య బాలింతగా ఉన్నప్పుడు, అడగడానికి నోరు రాక, వరుసకు ముందే ఒక క్యాను నీళ్ళు తీసుకున్నారు. ఆ రోజు ఒక ఇంటి బిందె సగమే నిండింది." ఎన్నికలాయన ముఖం మాడిపోయింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. చూసినావా, మేము అప్పుడే అనుకున్నాం అంటారని నేను కాచుకుని ఉన్నాను.

ముందు వరుసలో నుంచి ఒకామె కట్టె ఊతంగా లేచింది. వీధి చివరి ఇంటామె. ఎనభై దాటి ఉంటాయి.

"ఆ ఇల్లు నాదేప్పా," అంది. "నాకు అప్పుడే తెలుసు. మరుసనాడు మీ దండెం మీద బాలింత గుడ్డలు తెల్లగా ఆరేసినారు. తాగేకే నీళ్ళు లేని దినాల్లో అవి యాడ ఉతికినారు?"

"మరి ఎవరికీ చెప్పలేదేమవ్వా?" అని మైకులోనే అడిగేశాను.

"బాలింత నీళ్ళు పోసుకునిందని చాటింపేస్తారా ఎవరన్నా?" అని నన్ను కసిరి, నాయన వైపు తిరిగింది. "నాకు కోపం నీళ్ళకు కాదప్పా. నా వాకిట్లో నిలబడి, అక్కా ఒక బిందె ఇయ్యి అని అడగలే సూడు, దానికి. ఒకే వీధిలో బతుకుతా నన్ను పరాయిదాన్ని చేస్తివి. ఇన్నేండ్లలో నా ఇంట్లో ఒక గుక్కెడు నీళ్ళు తాగినావా?"

నాయన లేచాడు. శాలువా జారి కుర్చీలో పడింది. భుజాన ఉన్న నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. వేదిక మెట్లు దిగి ఆమె ముందర నిలబడ్డాడు.

"అక్కా, దప్పికయితాండాది. ఒక చెంబు నీళ్ళియ్యి."

ఎన్నికలాయన పరుగున పోయి, ప్లాంటుకు కట్టిన రిబ్బను పక్కకు జరిపి గ్లాసు పట్టాడు. "ఉండప్పా నువ్వు," అని ఆమె కట్టె అడ్డం పెట్టింది. "నా ఇంట్లో కుండలో ఉండాయి. పా."

ముందర ఆమె, వెనక నాయన, సన్మానం అట్లనే వదిలేసి వీధి చివరికి నడిచారు. షామియానా కింద జనం నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. నా బుద్ధి ఊరుకుంటుందా? నేను వెనకనే పోయి గోడపక్కన నిలబడి చూశాను.

నేను చూసింది ఇంతే. నాయన ఆమె అరుగు మీద కూర్చుని రెండు చెంబులు తాగాడు. ఇంకోటి అడిగాడు.