అక్క చేసిన బేరింగుల బండి

మొన్న ధర్మవరంలో అక్కావాళ్ల ఇంటి అటక దులుపుతుంటే పాత డాల్డా డబ్బాలోంచి ఒక బేరింగు దొర్లి నా కాళ్ల దగ్గర పడింది. తుప్పు పట్టి తిరగనని మొండికేసింది గానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన ఇంకా సన్నగా ఉంది. ఆ వాసనతో పాటు చెనిక్కాయలు పెరికే రోజుల మట్టివాసన, ఉడకేసిన పచ్చికాయల ఆవిరి, ఇంటింటా మగ్గాల టకటకలు, ఆ టకటకల్ని మించి గరగరమంటూ గుట్ట దిగే మా బేరింగుల బండి చప్పుడు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

ఆ బండిలో చోటు ఒక్కరికే. నాకన్నా రెండేళ్లు పెద్దదైన మా నాగవేణక్క చేసింది. విరిగిన మగ్గం పలక ఒకటి, లారీ మెకానిక్కు పారేసిన బేరింగులు మూడు, ముందొకటి, వెనక రెండు. తక్కిన పిల్లలందరూ ముందు చక్రాన్ని కాళ్లతో తన్ని తిప్పేవాళ్లు. అక్క మాత్రం పనికిరాని పట్టుపోగుల్ని పేని తాడు చేసి, ముందు చక్రం బిగించిన కట్టెకు రెండు వైపులా కట్టి, ఎద్దుల పగ్గాల్లా నా చేతికిచ్చింది. నూలుపోగుతో నా వీపు కొలిచి, వాలడానికి ఒక చెక్క బిగించింది. నిటారుగా కూర్చుంటే గాలి ఆపుతుందట. మా ఊళ్లో వానకు కరువు గానీ దుమ్ముకు కరువు లేదు కాబట్టి, బేరింగుల్ని కిరసనాయిలుతో కడిగి ఆముదం రెండే చుక్కలు వేసేది. మూడో చుక్క వేస్తే దుమ్ము పట్టుకుంటుందని నన్ను చేయి పెట్టనిచ్చేది కాదు.

పందెం నీళ్ల ట్యాంకు గుట్ట మీదినుంచి. సగం దిగాక మలుపు; మలుపు దాటితే, పైనుంచి కనబడని పంపుగది గోడ, అక్కడ గెలుపు. పైన నిలబడి బండిని తోసేది అక్క. అందుకే నేను గెలవడం ఆమె ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. మొత్తం పద్నాలుగు పందేల్లో పన్నెండు గెలిచాను. ఒకటి చక్రం ఊడి, ఒకటి కుక్క అడ్డమొచ్చి పోయాయి. గోడ మీద బొగ్గుతో గీసిన పన్నెండు గీతలూ నా పేరు కిందే. అక్క పేరు రాయాలని నాకు తోచనే లేదు. బండిని లాక్కుంటూ పైకెక్కేసరికి ఆమె ఎదురొచ్చి ప్రతిసారీ ఒకటే అడిగేది.

"శీనా, మలుపులో తాడు ఎట్లుండె? గుంజిందా, వదులైందా?"

"గెలిచినాను కదక్కా!" అని నేను ఎగిరేవాణ్ని.

ఒక ఉగాది నాడు, ఇంత నెయ్యి పోసుకుని ఓళిగలు తిని గుట్టెక్కాక, అక్క పావడా కుచ్చెళ్లు దోపుకుని బండి ముందు నిలబడింది. "ఈ తూరి నన్ను కూర్చోనీరా. ఒక్క తూరే" అంది.

పన్నెండో గెలుపు ఎక్కడ చేజారుతుందోనని నా భయం. "దాంట్లో యాడ పడతావు నువ్వు? నా కొలతకే కదా చేసినావు. సెలవుల్లో ఇస్తాలే" అన్నాను. ఆమె బండి వెనక్కొచ్చి నన్ను తోసింది. ఆ పందెమూ గెలిచాను.

సెలవులు వచ్చేలోపే అక్క పెద్దమనిషైంది. నాయన ఆమెను నేతకు మగ్గం గుంతలో కూర్చోబెట్టి, "ఇంక గుట్టలెక్కింది చాల్లేమ్మా" అన్నాడు. తోసేవాళ్లు లేక బండి మూలపడింది. ఇస్తానన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు. నాయనను బతిమాలి ఉంటే ఒక్క సాయంత్రమైనా పంపేవాడేమో. అడగలేదని ఈ వయసులో సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఆ గుట్ట నిండా ఇళ్లు, దారికి సిమెంటు, అడుగడుక్కీ స్పీడుబ్రేకర్లు. పంపుగది కూల్చేశారు, నా గీతలూ పోయాయి. వీధంతా మరమగ్గాల మోతే, చేమగ్గం అక్కదొక్కటే మిగిలింది. బేరింగు తీసుకెళ్లి చూపిస్తే, ఆమె మగ్గం ఆపి, కొంగుతో తుడిచి, ఆముదం రెండు చుక్కలు వేసి పక్కన పెట్టింది.

"అక్కా, ఆ పొద్దు నీకియ్యకుండా తప్పు చేసినా" అన్నాను.

"పోనీలేరా" అంది. "ఇప్పుడన్నా చెప్పు. మలుపులో తాడు ఎట్లుండె?" అని అడిగింది.

ఎవరిని ఎప్పుడు ఓడించానో పన్నెండు పందేలూ వరసగా చెప్పగలను. ఆ తాడు నా చేతుల్లో ఎట్లా ఉండేదో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.