నేను సున్నాలు వేసిన పేపరు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులోని జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. క్లాసు మొదలవగానే ఎవరినైనా లేపి ఒక ఎక్కం అడగడం నా అలవాటు. తప్పు చెప్పినవాళ్లు గంట కొట్టేదాకా నిలబడాలి. ఇంటర్ పిల్లలకు ఎక్కాలేమిటని తోటి లెక్చరర్లు నవ్వేవారు.

కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి రోజూ నిలబడేది. లెక్క ఎటు నడవాలో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. చివర గుణకారం దగ్గరికి వచ్చేసరికి అంకెలు తారుమారయ్యేవి. ముప్పై ఏడు డెబ్బై మూడయ్యేది.

"ఎట్ల చెయ్యాల్నో నాకెర్కే సార్. గుణకారంలనే తప్పు పోతున్న. జర క్యాలిక్యులేటర్ పెట్టుకోనియ్యండి."

"బటన్లు నొక్కడానికి కాలేజీ ఎందుకమ్మా? ఏ షాపు కౌంటర్లోనన్నా కూర్చోవచ్చుగా."

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా కాస్త నవ్వింది.

సాయంత్రం పంజాగుట్టలో మా ఇంట్లో క్వార్టర్లీ పేపర్లు దిద్దుతూ ఈ సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె కూడా బడిలో లెక్కలు చెప్పేది. ఆ అమ్మాయి పేపరు అందుకుని చూసింది.

"ఏంటండీ ఈ సున్నాలు? పద్ధతంతా సరిగ్గానే ఉందిగా. మీరు కళ్లజోడు తీసేసి దిద్దండి చూద్దాం."

"పరీక్షలో క్యాలిక్యులేటర్ ఎవరిస్తారు?"

"పరీక్ష దాకా ఆ పిల్ల ఉండాలి కదండీ."

ఉండలేదు. దసరా సెలవుల తర్వాత రాలేదు. తనకు లెక్కలు రావని చదువే మానేసిందట. "ఎక్కాలకే భయపడ్డది సార్," అంది ఆమె పక్కన కూర్చునే అమ్మాయి.

నా భార్య పోయి ఏడాదైంది. ఈ ఏడు మా కాలేజీ గ్రాఫులు గీసే క్యాలిక్యులేటర్లను క్లాసులోకి రానిచ్చింది. తెర మీద గీత వచ్చేస్తుంది. అక్కడే ఎందుకు వంగిందని అడిగితే పిల్లలు మళ్లీ తెర వంకే చూస్తారు. నేను భయపడిందే జరిగింది. ఆ మాట అని గెలవడానికి ఇంట్లో మనిషి లేదు. ఎందుకు వంగిందో ఆ అమ్మాయైతే చెప్పేది.

మొన్న నా భార్య పుస్తకాల్లో ఆ పేపరు దొరికింది. నా ఎర్ర సున్నాల పక్కన పెన్సిలుతో పద్ధతికి మార్కులు వేసి ఉన్నాయి. డెబ్బై అయిదుకు నేను వేసింది పద్దెనిమిది. ఆమె వేసింది యాభై రెండు. కూడికలో తప్పేమైనా ఉందేమోనని మళ్లీ కూడి చూశాను. లేదు.

కాలేజీ రిజిస్టరులో ఆ అమ్మాయి ఎర్రగడ్డ చిరునామా ఉంటే వెళ్లాను. అక్కడ వేరేవాళ్లున్నారు. ఆ అమ్మాయి వాళ్లు ఎటు పోయారో వీళ్లకు తెలియదు. పేపరు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు క్లాసులో ఎక్కం అడగలేదు. అడగలేదని ఎవరూ గమనించలేదు.