కలపని ఓట్లు

నాకు అక్షరాలు నడీడు దాటినంక వచ్చినయి. మహిళా సంఘంల వేలిముద్ర వెయ్యనని మొండికేసి కోడలి దగ్గర నేర్చుకున్న. అందుకే ఓట్ల మిషిన్ పక్కన అద్దం డబ్బా పెట్టినప్పుడు, అండ్ల పడే చీటీ మీద ఏముంటదో మా గూడెంల చదివి చెప్పినదాన్ని నేనే.

మల్లొచ్చిన ఓట్ల నాటికి నా మరిది సచ్చి ఏడాది కాలేదు. పటేలు బత్తాయి తోటల మోటరు పెట్టబోతే కరెంటు కొట్టింది. పటేలు కేసు కానియ్యలేదు. "తోటల గుడిసె ఉండనిస్తున్న గద, కాయలు తెంపుకుంట బతుకు" అన్నడు నా తోటికోడలితోని. గా గుడిసె తప్ప ఆమెకు వేరే జాగా లేదు.

ఓట్లకు ముంగట పటేలు మనుషులొచ్చి, మేం చెప్పిన గుర్తుకే వెయ్యాలని యాదగిరిగుట్ట స్వామి ఫొటో మీద అందరితోని చెయ్యి పెట్టించిండ్రు. "మిషిన్ల చీటీ పడుతది. ఎవ్వలు ఎటేసిండ్రో మాకు తెల్వదనుకోకుండ్రి" అని బెదిరించి పోయిండ్రు.

తోటికోడలు నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నా మొగుని పానం పోగొట్టినోడు చెప్పిన బటనే వత్తాల్నా? నాకు మనసొప్పుతలేదు. కని చీటీల నా పేరు పడితే గుడిసె పోతది."

"పోయినసారి అద్దంల చూసిన. నిలబడ్డోని నంబరు, పేరు, గుర్తు. గంతే. నీ పేరు, నా పేరు ఉండయి."

"స్వామి మీద చెయ్యి పెట్టిన గదక్కా?"

"ఆ కరెంటు సంగతి స్వామికి తెల్వదా? పోయి వత్తు."

"నరకానికి పోతవు నువ్వు."

"నువ్వు గూడ వస్తవు గద, తోడుంటది."

మొగడు పోయినంక ఆమె నవ్వంగ నేను చూసింది గప్పుడే. ఓటేసి వచ్చి, "నిజమే అక్కా, నా పేరు లేదు" అని చెవుల చెప్పింది. గూడెంల చానమంది గట్లనే చేసిండ్రు.

గెలుపు మాత్రం పటేలు మనిషిదే. అయినా పటేలు ఊకోలేదు. లెక్కలైనంక ఏ బూతుల ఎవ్వలికెన్ని పడ్డయో కాయిదం బయటికొచ్చింది. మా గూడెంకు ఒక్కటే బూతు, అండ్ల వేరే ఊరోళ్ల ఓట్లు లేవు.

"ఎవ్వలేసిండ్రో నాకెందుకు? మీ బూతే నాకియ్యలేదు. ఒక్కలు గూడ నా తోటల కాలు పెట్టొద్దు" అన్నడు. తోటికోడలి దిక్కు చూసి, "గుడిసె ఖాళీ చెయ్యి" అన్నడు.

ఒక ముసలాయన కాళ్ల మీద పడ్డడు. "పటేలా, ఒట్టు, నేను నీకే వేసిన."

"అందరు గదే అంటరు. ఏది, చూపియ్యి."

ఏం చూపిస్తడు? చీటీ డబ్బాల పడె.

ఎనుకట కాయిదం ఓట్లప్పుడు నాలుగూర్ల కాయిదాలు ఒక్క కాడ కలిపి లెక్కపెట్టేటోళ్లని మా బాపు చెప్పేటోడు. ఏ ఊరు ఎటేసిందో ఎవ్వనికి అంతు చిక్కకపోయేది. మిషిన్ చేసినోళ్లు అద్దం పెట్టిండ్రు, చీటీ పెట్టిండ్రు. కలిపేది ఇడిసిపెట్టిండ్రు. మనిషి పేరు దాసిండ్రు, గూడెం పేరు దాయలే. పటేలుకు గదే సాలు.

తోటికోడలు బోళ్లు మూట కట్టుకుంట ఒక్కటే మాటన్నది.

"చీటీల నా పేరు లేదంటివి గదక్కా."

"లేదే" అన్న. అబద్ధం గాదు.

బిల్డింగు పనికని పట్నం బస్సెక్కింది. ఇంకా ఆడనే ఉంది. ఓటర్ల లిస్టుల ఆమె పేరు ఇప్పటికీ మా గూడెంలనే ఉంది. ఓట్లు వస్తయి, పోతయి. ఆమె రాదు.