ముద్ద చూపించి పెట్టు

నా చిన్నప్పుడు, ఎక్కడో యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్ళు చెప్పుకునే రోజుల్లో, చంద్రగిరి పక్క పల్లెలో మా అవ్వ ఒకనాడు తెల్లారినా మంచం దిగలేదు. జబ్బేమీ లేదు. యాభై కూడా నిండని మనిషి, ముందురోజే చెనిక్కాయల మూట ఒక్కతే ఎత్తి అటక మీద వేసింది.

"ఈ పొద్దు నాకు పక్షవాతం వచ్చిందనుకోండి. కాలూ చెయ్యీ ఆడవు, మాట రాదు. ఎట్ల సూసుకుంటారో సూడల్ల," అని చెప్పి నోరు మూసుకుంది.

"ఏం పాడు మాటలమ్మా ఇవి? గుండ్రాయి మాదిరి ఉండావు గదా!" అని నాయన గయ్యిమన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అది నవ్వులాట కాదని నాకప్పుడు తెలియదు. అవ్వ తల్లి, ఆ తర్వాత అన్న, ఇద్దరూ అదే జబ్బుతో మంచాన పడి చనిపోయారు. తనకూ వస్తుందని ఆమెకు లోలోపల ఒకటే దిగులు. చావుకు భయపడే మనిషి కాదు, అలా పడి ఉండటమంటేనే భయం.

ఆమెను పక్కకు తిప్పబోయి అమ్మ ఆపసోపాలు పడింది. అన్నం పెట్టే పని నాకిచ్చారు. అబ్బ, ఎంత సంబరమో నాకు! బొమ్మకు పెట్టినట్టు సంగటి ముద్ద మీద ముద్ద కుక్కాను. పులుసు గడ్డం మీదుగా మెడలోకి కారింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగితే కారమనుకున్నాను.

సాయంత్రం లేచి కూర్చుంది. ఎవరినీ తిట్టలేదు. నిజంగా పడ్డనాడు మంచం వెనకింట్లో వద్దంది, వచ్చేపోయేవాళ్ళు కనబడేలా పంచలో వెయ్యమంది. తల కోడలే దువ్వాలంది. అమ్మ నవ్వడం మానేసి అన్నిటికీ తలూపింది. అప్పుడు నన్ను దగ్గరికి లాక్కుంది.

"మా అమ్మకు ఇట్లే కుక్కినారు పాపా. నేనూ కుక్కినాను. ముద్ద ముందు కంటికి సూపించు. నోరు తెరిస్తే పెట్టు. తెరవకుంటే నాకు వద్దనుకో."

నా పెళ్ళికి ముందే అది నిజంగా వచ్చింది. అవ్వకు మాట పోయింది. పంచలో మంచం వేశాం. పూటపూటా ముద్ద చూపించి, ఆమె నోరు తెరిచేదాకా ఆగేదాన్ని. కొన్నాళ్ళకు ఒక పూట ఎంతసేపు చూపించినా తెరవలేదు. మర్నాడూ అంతే.

"బలవంతంగానన్నా పెట్టు పాపా, మా అమ్మ పోతాది," అని నాయన ఏడ్చాడు. నేను పెట్టలేదు. అవ్వ నా వైపే చూస్తూ ఉంది. ఆ తర్వాత ఆమె ఎన్నాళ్ళో బతకలేదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. పసిబిడ్డలకు పాలు పట్టేటప్పుడైనా సరే, నా చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగుతుంది, వాళ్ళు తెరిచేదాకా.