పాత సంత నుంచి బయటపడిన గుర్రం

మోకాళ్ల డాక్టరు దగ్గర మన వయసు వాళ్లకు వరస రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మొన్న కర్నూలులో అలా కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో శబ్దం లేకుండా ఏదో దేశపు గుర్రప్పందెం వస్తూ ఉంది. అటు పరిగెత్తేవన్నీ నాలుగు కాళ్లూ బాగున్న జీవాలు, ఇటు చూసేవాళ్లం పదిహేను మందిమి కలిసినా సరిగ్గా వంగే మోకాలు ఒక్కటి లేదు. పందేనికి ముందు తెర మీద ఒక్కో గుర్రం పేరూ, దాని కింద తండ్రి పేరూ, తల్లి పేరూ వేస్తున్నారు. ఆ తల్లి పేర్లు చూడగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. గుర్రాలను చూస్తే పెద్దమ్మ గుర్తుకు రావడం మర్యాద కాదని తెలుసు గాని, దానికి కారణం ఉంది.

కర్నూలు రాజధాని అయిన ఆ మూడేళ్లూ మీలో కొందరికైనా జ్ఞాపకం ఉండే ఉంటాయి. ప్రభుత్వం గుడారాల్లో ఉండేది, గాలి గట్టిగా వీస్తే ఫైళ్లు తుంగభద్ర దారి పట్టేవి, మనిషి పడుకునేంత వెడల్పున్న ప్రతి వసారానూ ఎవరో ఒక గుమాస్తా అద్దెకు తీసుకుని ఉండేవాడు. నందికొట్కూరు పక్క పల్లె నుంచి వచ్చిన నేను మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ ఇంట్లో తింటూ, మా మేనమామ నడిపే వారపత్రికలో పని చేసేవాణ్ణి. ఉపసంపాదకుడు అనేది నా హోదా. మద్రాసు నుంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపరును తెలుగు చేసి, ఇంకో ఆరు రోజులు ఆలస్యంగా జనానికి అందించడం నా పని. ఇరవై ఏళ్లవాణ్ణి, ప్రతిదానికీ ఒక చమత్కారం వెయ్యకపోతే అన్నం అరిగేది కాదు.

రాజధాని వచ్చిన నెలలోనే పెద్దనాయన కూడా వచ్చాడు. పని చూసుకుంటానని బెంగళూరు పోయినవాడు పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక రేకు పెట్టెతో తిరిగి వచ్చి, ఇన్నాళ్లూ పందెపు గుర్రాల సాలలో మాలీసు చేస్తూ ఉన్నానని చెప్పాడు. వీధిలో ఎవరూ నమ్మలేదు. మొగవాడు పద్దెనిమిదేళ్లు ఇంటి మొహం చూడలేదంటే అక్కడ ఇంకో సంసారం ఉన్నట్టేనని తీర్మానించి, ఆ రెండో ఆవిడ ఎత్తూ రంగూ కూడా వాళ్లే నిర్ణయించేశారు. "రాజధానీ వచ్చింది, ఈయప్పా వచ్చినాడు, ఏది ముందర పోతాదో చూడాల" అని ఎదురింటాయన అన్నాడు. ఆ మాట నేనే అని ఉంటే బాగుండేదని నేను రెండు రోజులు బాధపడ్డాను.

పెద్దమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే నిజంగానే ఏమీ అనలేదు. రెండు పూటలా అరుగు మీదికి జొన్నరొట్టె, ఊరిబిండి, చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టేది, తట్ట ఖాళీ అయితే తీసుకుపోయేది, ఏడాదిన్నర పాటు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే, ఆయన జానెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే, "మీ పెద్దనాయనను నీళ్లు పోసుకోమనురా" అని నాతో చెప్పేది. పెద్దనాయన గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. ఒకసారి మాత్రం నాతో, "తిట్టమని చెప్పురా. తిట్టినా సాలు" అన్నాడు. నేను దానికీ ఏదో హాస్యమాడాను, ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేకపోవడమే మేలు.

ఆయన వచ్చాక రెండో ఎండాకాలంలో, ఇంగ్లండులో ఏటా జరిగే పెద్ద గుర్రప్పందెం గురించి పేపర్లో ఒక పేజీ నిండా వచ్చింది. మూడేళ్ల వయసు గుర్రాలు, మైలున్నర దూరం, పోటీకి ఫ్రాన్సు నుంచీ ఐర్లండు నుంచీ కూడా గుర్రాలు వస్తున్నాయి, సొంతదార్లలో రాణులూ నవాబులూ ఉన్నారు. మామ దాన్ని తెలుగు చెయ్యమన్నాడు. తెలుగు రాష్ట్రం వచ్చాక ఇంగ్లీషు పేర్లు ఏమిటని, గుర్రాల పేర్లు కూడా తెలుగులోనే ఉండాలన్నాడు. అలా ఎక్కువ మంది గెలుస్తుందనుకుంటున్న గుర్రం 'వెండి గంట' అయింది, ఫ్రాన్సు గుర్రం 'గాలి పడగ' అయింది. ఇంతవరకు బాగానే ఉంది. ఒక్కో గుర్రం పేరు తర్వాత 'బై' ఫలానా, 'అవుట్ ఆఫ్' ఫలానా అని రెండేసి పేర్లున్నాయి. నా ఇంగ్లీషు మీద నాకు మంచి నమ్మకం ఉండేది కాబట్టి ఎవరినీ అడగకుండా, "ఉరుముల రాజు చేత పాత సంత నుంచి బయటికి తేబడిన వెండి గంట" అని రాశాను. సంతలో అనామకంగా పడి ఉన్న గుర్రాన్ని ఏ రాజో కనిపెట్టి తెచ్చాడనుకుని, జాలిగా రెండు వాక్యాలు సొంతంగా కూడా చేర్చాను.

అచ్చుకు ముందు ప్రూఫును అరుగు మీద చదివి వినిపించడం నాకు అలవాటు. ఆ సాయంత్రం ఎదురింటాయన ఉన్నాడు, పెద్దనాయన తన మూల తాను కూర్చుని ఉన్నాడు, పెద్దమ్మ గడప లోపల చింతపండు గింజలు తీస్తూ ఉంది. బండలాగుడు పోటీలు తప్ప వేరే పందెం ఎరగని ఎదురింటాయన, "బండ ల్యాదు, బరువు ల్యాదు, ఉత్త పరుగు. దానికి రాణి వచ్చేదేమప్పా" అని విసుక్కున్నాడు. అయితే పాత సంత మాట రాగానే ఆయనకు ఆసక్తి పుట్టింది. "యాడ సంత? మన నందికొట్కూరు సంత మాదిరా?" అన్నాడు. అంతకంటే పెద్దదే అన్నాను నేను, నా కళ్లతో చూసి వచ్చినట్టు.

అప్పుడు పెద్దనాయన మెల్లగా అన్నాడు. "సంత గాదురా అది. పాత సంత అనేది తల్లి పేరు. గుర్రాల పుస్తకంలో తండ్రిని ముందర రాసి, ఎవురి కడుపున పుట్టిందో ఎనక రాస్తారు. ఆ ఉరుముల రాజు తండ్రి. గుర్రానికి తల్లే ముఖ్యం. తల్లికి ఊపిరి చాలకపోతే బిడ్డ మైలు దాటదు."

నా ప్రూఫు వైపు చూసుకున్నాను. పదకొండు గుర్రాలకూ అది అతికినట్టు సరిపోయింది. ఇంగ్లీషు ముక్క రాని మనిషికి ఆ సంగతి తెలిసే దారి ఒక్కటే ఉంది. ఎదురింటాయన కూడా అది గ్రహించి గొంతు సవరించుకున్నాడు. లోపల చింతగింజల చప్పుడు ఆగింది. ఏడాదిన్నరలో మొదటిసారి తన మాట నలుగురూ నమ్ముతున్నారని పెద్దనాయనకు తెలిసి, పాపం, ఆగలేకపోయాడు. ఏ గుర్రం మెడ ఎలా నిమరాలో చెప్పాడు, ఈనేటప్పుడు అవి ఎలా చూస్తాయో చెప్పాడు. ఒక తెల్ల ఆడగుర్రం ఉండేదట, దానికి తాను చేత్తో పెడితే తప్ప గడ్డి ముట్టేది కాదట, ఊరికి పోయొస్తానని మూట కట్టినప్పుడల్లా అది మేత మానేసేదట. "మొన్న కరువు యేడు గూడా వద్దామని బయల్దేర్తి. దాన్ని ఇడిసి రాబుద్ధి గాలేదు" అన్నాడు.

పెద్దమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నాతో కాదు, ఆయనతోనే మాట్లాడింది.

"కరువు యేడు నేను గంజి కేంద్రం కాడ నిలబడితి, చెంబు పట్టుకోని. నువ్వు గుర్రానికి గడ్డి తినిపిస్తాంటివి. ఇన్నేండ్లూ ఆడ ఇంకోతి ఉండాదనుకుంటి. దానితో రోజూ కొట్లాడుకుంటా బతికితి. గుర్రంతో ఏమని కొట్లాడేది?"

నేను ఊరుకోలేక, గుర్రం కూడా ఆడదే కదా పెద్దమ్మా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాటల్లో అది మొదటిది, చివరిది కాదు.

పందెంలో గాలి పడగ గెలిచింది. వెండి గంట మైలు వరకూ ముందుండి, పెద్దనాయన చెప్పినట్టే ఊపిరి చాలక వెనకబడింది. నేను తప్పు దిద్దుకుంటూ పత్రికలో నాలుగు లైన్లు రాశాను. పెద్దమ్మ ఆ మర్నాటి నుంచి ఆయనతో మాట్లాడసాగింది. ఉప్పు సరిపోయిందా, చలిగా ఉందా, వక్కాకు కావాలా, అంతే. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. లోపలే పడుకొమ్మని మంచం కూడా వేసింది. తిట్టినా చాలనుకున్న మనిషికి తిట్టు మాత్రం ఎప్పటికీ దక్కలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, పత్రిక ఆగిపోయింది, పెద్దనాయన ఇంకో పదేళ్లు ఉన్నాడు.

ఇప్పుడు మనిషి ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో ఇంట్లో కూర్చునే తెలుసుకుంటున్నారు, మంచిదే. అనుమానానికి ఒక పూట కంటే ఎక్కువ ఆయుష్షు లేదు. అప్పట్లో నిజం బెంగళూరు నుంచి కర్నూలు చేరడానికి పద్దెనిమిదేళ్లు పట్టేది, ఈలోగా మనుషులు తమకు కావలసిన అబద్ధాన్ని తామే పెంచుకుని, దానితో కలహించి, దాన్ని ఆసరా చేసుకుని బతికేవాళ్లు. మా పెద్దమ్మ అలా పెంచుకున్న ఆ లేని మనిషిని నేను ఒక తప్పు తర్జుమాతో చంపేశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు.