ముత్తమ్మ మడవ దగ్గర ఆగిన జీపు

ఇనుప గనుల ఊళ్లో ఉండే మా అక్క రెండేళ్లుగా రమ్మంటోంది. కార్తీకంలో ఎండ హాయిగా ఉంటుందని నేను బయలుదేరానో లేదో, బంగాళాఖాతంలో వాయుగుండమూ బయలుదేరింది. నా అదృష్టం ఎప్పుడూ ఇంతే. భద్రాచలంలో తెల్లవారుజామున బస్సెక్కి ఎనిమిదికల్లా కొంటాలో దిగాను. అక్కడి నుంచి సుక్మాకు షేరు జీపు, మనిషికి వంద రూపాయలు. ఆపైన దంతెవాడలో గనులకు వెళ్లే మూడింటి బస్సు అందుకోవాలి.

కొంటా దాటిన కాసేపటికే వాన విరుచుకుపడింది. నేను లోలోపల తిట్టుకుంటుంటే, పక్కన కూర్చున్న ముత్తమ్మ అనే రైతు చెయ్యి బయటికి చాపి వానను తడిమి నవ్వింది. అంతలోనే ఆమె ముఖం మారిపోయింది.

"తమ్మీ, మా చేను కాడ ఆపు. మడవ తెరిచే ఉన్నది," అంది డ్రైవరుతో.

మడి గట్టులో నీళ్లు పోయే దారే మడవ. వానలు అయిపోయాయనుకుని ఆమె వారం కిందట దాన్ని తెరిచి, చేపల కోసం వెదురు బుట్ట పెట్టిందట. చేపలు పడ్డాయి, మడిలో నీళ్లూ పోయాయి. గింజ పాలుపోసుకునే వేళకు నేల నెర్రెలిచ్చింది. ఈ నీళ్లు నిలిస్తేనే ఆ ఇంటికి ఏడాది తిండి.

"కూరకు ఆశపడి కూడు పోగొట్టుకుంటివి గదా అక్కా," అన్నాడు డ్రైవరు బ్రేకు వేస్తూ.

"తర్వాత తిట్టు. ముందు రా."

నేను గడియారం చూసుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కింద ముత్తమ్మ చేతులతో బురద ఎత్తి వేస్తోంది, వేసింది వేసినట్టే కొట్టుకుపోతోంది. డ్రైవరు సీటు కింది గోనెసంచి పట్టుకుని పరుగెత్తాడు. నేనూ దిగాను. సంచిని గండికి అడ్డంగా నేను పట్టుకుంటే వాళ్లిద్దరూ మట్టి పోశారు.

"గట్టిగ తొక్కు సారూ, నీది మంచి బరువే," అంది ముత్తమ్మ.

అరగంట తొక్కాక ప్రవాహం ఆగింది. నీళ్లు వెనక్కి మళ్లి నెర్రెల్లోకి బుడబుడమంటూ దిగాయి. ముత్తమ్మ మడిలోనే నిలబడి కళ్లు తుడుచుకుంది.

"తాగుతాంది సూడు. ఎంత దప్పికయిందో తల్లికి," అంది.

ఆ ఆలస్యానికి సుక్మాలో దంతెవాడ బస్సు వెళ్లిపోయింది, తర్వాతిదాంట్లో చేరేసరికి మూడింటి బస్సూ తప్పింది. దంతెవాడలో నాలుగు వందలకు గది దొరికింది. వానకు చిక్కుకున్నావా పాపం అని అక్క ఫోనులో జాలిపడింది. వాన ప్రయాణాన్ని పాడుచేసిందని ఇదే బ్లాగులో ఎన్నిసార్లు రాశానో! ఇక ఆ మాట రాయబుద్ధి కాదు. ఈ కాలంలో ఇటు వచ్చేవారు ఒక రోజు అదనంగా ఉంచుకోండి. వానలో జీపు ఏ పొలం దగ్గరైనా ఆగితే, చెప్పులు విడిచి దిగండి. ఎందుకు ఆగిందో దిగాక అడగవచ్చు.