వార్నింగులు ఆపేసిన స్క్రిప్టులో యాదయ్య

కోడ్‌లో తప్పులుంటే చెప్పే వార్నింగులు ఆపేసి పోయే ప్రోగ్రామర్లంటే నాకు ఒళ్లుమంట. శంషాబాద్‌లో నేను పనిచేసే ట్రావెల్స్‌లో, క్యాబ్ బుక్ చేసినవాళ్లకు డ్రైవర్ పేరు, నంబరు మెసేజ్ పంపేది ఒక పాత పీహెచ్‌పీ స్క్రిప్టు. ఈ సాయంత్రం దాంట్లో వార్నింగులు ఆన్ చేశాను. డ్రైవర్ పేరు ఉండాల్సిన వేరియబుల్‌కు విలువే లేదని, అంటే అది ఖాళీ అని, వెంటనే ఒక వార్నింగు వచ్చింది. కింది లైను చూశాను. విలువ లేకపోతే యాదయ్య పేరు, నంబరు పెట్టమని రాసుంది.

మా డ్రైవర్, సాతంరాయి ఊరి యాదయ్య చనిపోయి నెలవుతోంది.

ఓనరు నర్సింగన్నను అడిగాను. "ఎవ్వలు ఖాళీ లేకుంటే యాదయ్యనే పోతుండె. ఎన్నడు కాదనలే. గందుకే గట్ల రాయించిన," అన్నాడు.

ఆ లైను తీసేయబోతుంటే ఎయిర్‌పోర్టు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆయనకూ యాదయ్య పేరే వెళ్లింది. పొరపాటైందని చెప్పబోయాను.

"పర్లేదమ్మా, యాదయ్యతో ఇప్పుడే మాట్లాడాను. ఆరాంఘర్ దాటాడట. బండి నంబరు చెప్తారా?"

స్పీకర్లో విన్న నర్సింగన్న నా వైపు వంగాడు. "ఆ ఫోన్ ఆయన జేబులనే పెట్టి మట్టి చేసినం గదమ్మా," అన్నాడు.

హడావిడిగా వేరే బండి పంపాం. అది చేరేసరికి పెద్దాయన అక్కడ లేరు. తన డ్రైవర్ వచ్చాడని పక్కవాళ్లతో చెప్పి వెళ్లిపోయారట.

ఆ లైను అలాగే ఉంచి, వార్నింగులు మళ్లీ ఆపేశాను. తిట్టేముందు చెప్పండి, మీరైతే ఆ లైను తీసేసేవారా?